మొహిద్దీన్ చాచా దాచిన రెండు నిమిషాలు

మీరు మా మొహిద్దీన్ చాచాను కలిసి తీరాలి. ఊరికే అనట్లేదు. విజయవాడ వెళ్లే రైలు మహబూబాబాద్‌లో ఒక్క నిమిషం ఆగుతుంది, ఆ నిమిషంలో దిగేయండి. స్టేషన్ బయట ఆటోవాళ్లను గడియారాల చాచా ఎక్కడ అని అడిగితే చాలు. ఇద్దరు దారి చెప్తారు, మూడోవాడు తన గడియారం కూడా బాగుచేయించుకోవాలని మీతోనే వస్తాడు.

పూర్తి పేరు గులాం మొహిద్దీన్. అరవై ఏడేళ్లు. దుకాణం ఎంత చిన్నదంటే ఆయన లోపల కూర్చుంటే వచ్చినవాళ్లు బయటే నిలబడాలి. సరిగ్గా ఎదురుగా మా నాన్న బట్టల దుకాణం, అందుకని నేను ఆయన్ను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. కుడి కంటికి నల్లటి చిన్న భూతద్దం, ముందున్న సీసా మూతల్లో విప్పదీసిన చక్రాలు, స్ప్రింగులు. ఫోన్లు వచ్చాక చేతి గడియారాలు ఎవరు పెట్టుకుంటారు అనుకుంటాం గానీ, ఆయన బల్ల మీద ఎప్పుడు చూసినా పదో పన్నెండో ఉంటాయి. పెళ్లిలో మామ పెట్టినవి, ఉద్యోగం దిగిపోయేటప్పుడు ఇచ్చినవి, ఎవరికీ ఇవ్వబుద్ధి కానివి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది వెనక గోడకు ఉంది. పొడుగాటి లోలకం గడియారం, వాళ్ల నాన్న కాలంనాటిది. అది బయటి టైముకు పదిహేడు నిమిషాలు వెనక ఉంటుంది. గడియారాలు బాగుచేసే మనిషి నెత్తి మీదే తప్పు గడియారం! కొత్తవాళ్లు నోరు మూసుకుంటారు, పాతవాళ్లు మూసుకోరు. స్టేషన్ దగ్గర ఆటో నడిపే లక్ష్మా అయితే వారానికి ఒకసారైనా అంటాడు.

"చాచా, జర నీ గడియారం సూస్కో. నీ టైం పట్కొని పోతే నా సవార్లకు రైలు దొర్కది."

"గది నీకు టైం చెప్పేటందుకు లేదు లక్ష్మా. మిగిలిన గడియారాల సంగతి నాకు చెప్పేటందుకున్నది."

చిన్నప్పుడు నాకు ఇది అర్థం కాలేదు. తర్వాత ఆయనే ఓపికగా చెప్పాడు. ఆ గడియారం వారానికి సరిగ్గా మూడు సెకన్లు వెనకబడుతుంది. ఎండాకాలమైనా వానాకాలమైనా అంతే, ఎక్కువా కాదు తక్కువా కాదు. ఆరున్నరేళ్ల కింద నూనె వేసి పెట్టినప్పటి నుంచి ముల్లు ముట్టలేదు, అందుకే ఇప్పటికి పదిహేడు నిమిషాలయ్యాయి. బాగుచేసిన గడియారాన్ని దాని పక్కన పెట్టి రెండింటి తేడా రాసుకుంటాడు, రేపు మళ్లీ చూస్తాడు. తేడా మారకపోతే పని అయిపోయినట్టు. గోడ గడియారం ఎంత చూపిస్తోందన్నది లెక్కలోకే రాదు, అది నిలకడగా నడవాలి, అంతే. మాటిమాటికీ ముల్లు జరిపితే ఇక దేన్ని దేనితో కొలవాలి? ఈ గడియారాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

చాచాకు ఇంకో పని కూడా ఉంది, దానికి ఆయన పైసా తీసుకోడు. రంజాన్‌కు నెల ముందు, రోజాల, అంటే ఉపవాసాల, టైముల పట్టిక రాస్తాడు. పొద్దున ఏ నిమిషానికి తినడం ఆపాలి, అదే సహరీ. సాయంత్రం ఏ నిమిషానికి విప్పాలి, అదే ఇఫ్తార్. హైదరాబాద్ పట్టిక అచ్చులో దొరుకుతుంది. కానీ మన ఊరు హైదరాబాద్‌కు తూర్పున ఉంది, సూర్యుడు మన దగ్గరికి ముందొస్తాడు. గడియారం మాత్రం దేశమంతా ఒకటే. ఒక డిగ్రీ తూర్పుకు జరిగితే నాలుగు నిమిషాలు అని ఆయనకు ఎప్పుడో లెక్కల సారు చెప్పాడట. ఆ లెక్కతో మహబూబాబాద్‌కు ఆరు నిమిషాలు తీసేస్తాడు. జనగామ జిల్లా రఘునాథపల్లిలో అల్లుడుంటాడు, ఆ మసీదుకు మూడు నిమిషాలు. భూపాలపల్లిలో మేనల్లుడు అమ్జద్ ఉంటాడు, అక్కడికి అయిదు. మూడు ఊళ్లకు మూడు పట్టికలు, ఉర్దూలో ఒకవైపు, తెలుగులో ఒకవైపు, స్కేలుతో గీతలు కొట్టి. ఇది ముప్పై ఏళ్లుగా సాగుతోంది.

పట్టిక రాసినవాడే సైరన్ కూడా వేయాలి కదా అని మసీదువాళ్లు ఎప్పుడో అన్నారు. అప్పటి నుంచి రంజాన్ నెలంతా తెల్లవారుజామున మసీదుకు వెళ్లి సైరన్ స్విచ్ నొక్కేది చాచానే. అంటే ఇంట్లో అందరూ సహరీకి కూర్చుంటే ఈయన పావుగంట ముందే రెండు ముద్దలు మింగి బయల్దేరాలి. ఆయన భార్య రషీదా బేగం, మా రషీదా చాచి, ఏటా ఒకటే మాట అనేది. ఆ స్విచ్ పట్టుకున్నప్పటి నుంచి ఈ మనిషి నాతో కలిసి ఆఖరి ముద్ద తిన్న రంజాన్ ఒక్కటీ లేదు అని. నవ్వుతూనే అనేది గానీ నవ్వులోంచి కొంచెం బాధ కనబడేది.

ఈ ఏడు చాచాకు మోకాలు పట్టేసింది. సందులో చీకట్లో నడవడం కష్టం. అప్పుడు రంగంలోకి దిగాం, నేనూ ఫిజా.

ఫిజా చాచా తమ్ముడి కూతురు. వరంగల్‌లో నాతోపాటే ఇంజనీరింగ్ చదివింది. చాచాను బడేఅబ్బా, అంటే పెదనాన్న, అంటుంది. ఇద్దరం కలిసి ఒక చిన్న పెట్టె తయారుచేశాం. లోపల అరచేయంత కంప్యూటర్ బోర్డు, దాన్నుంచి సైరన్‌కు ఒక వైరు. నెట్ ద్వారా అది నిమిషానికోసారి మా సర్వర్‌ను అడుగుతుంది, మోగించాలా అని. సర్వర్ పట్టిక చూసి చెబుతుంది. చాచా రాసిన మూడు పట్టికలూ నేనే కూర్చుని ఎక్కించాను. మూడు ఊళ్లలో మూడు పెట్టెలు, బుర్ర మాత్రం ఒకటే. సర్వర్లు ప్రపంచంలో ఎక్కడున్నా యూటీసీ అనే ఒకే టైములో నడుస్తాయి, మన టైం దానికి అయిదున్నర గంటలు ముందు. ఈ తేడా దగ్గర చాలామంది బోల్తా పడతారని కాలేజీలోనే విన్నాం. అందుకని మేం జాగ్రత్తగా ప్రతి చోటా అయిదున్నర గంటలు కలిపాం, నాలుగుసార్లు పరీక్షించాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా దుకాణం మేడ మీద కూర్చుని పరీక్షించాం. ప్రతిసారీ సెకను తేడా లేకుండా మోగింది. మా అంత తెలివైనవాళ్లు లేరనుకున్నాం.

మొదటి రోజా పొద్దున సైరన్ మోగలేదు.

ముల్లు అయిదూ ఇరవై దాటింది, చప్పుడు లేదు. అజాన్ చెప్పే మౌజన్ సాబ్ పరుగున వెళ్లి చేత్తో స్విచ్ వేశాడు. సాయంత్రం ఇఫ్తార్‌కు మాత్రం టంచనుగా మోగింది. అయితే పొద్దున వైరు లూజైందేమో అనుకున్నాం, ఫిజా వాళ్ల అన్నతో వైరు బిగించి టేపు చుట్టించాం. మర్నాటి పొద్దున మోగింది. అమ్మయ్య, వైరే. భూపాలపల్లి నుంచి అమ్జద్ అన్న, రఘునాథపల్లి నుంచి అల్లుడు కూడా మొదటిరోజు మోగలేదని, రెండోరోజు మోగిందని ఫోన్ చేశారు. మూడు ఊళ్లలో ఒకేసారి మూడు వైర్లు లూజవుతాయా అని మాకు తట్టలేదు. తట్టాల్సింది.

ఇక చాచా ఇంట్లో పండగే. మోకాలికి వేడి ఇటుక కాపడం పెట్టుకుని, భోజనానికి పరిచిన దస్తరఖాన్ మీద చాచి పక్కన కూర్చుని, ఖిచిడీ, ఖీమా, పుల్లటి ఖట్టా నిమ్మళంగా తింటున్నాడు. సైరన్ వినబడగానే ఇద్దరూ ఒకేసారి గ్లాసు కింద పెడుతున్నారు. చాచి ఈ సంగతి మా అమ్మకు వచ్చి మరీ చెప్పింది.

తొమ్మిది రోజులు అలా గడిచాయి. పదో రోజా పొద్దున పది గంటలకు చాచా మా దుకాణం వైపు చూసి చేయి ఊపాడు. ఫిజాను కూడా తీసుకురమ్మన్నాడు. మేం వెళ్లేసరికి బల్ల మీద గడియారాలన్నీ ఒక పక్కకు జరిపి ఒక నోట్‌బుక్ తెరిచి పెట్టాడు.

ఆయన అంతకుముందు కొన్ని రోజులుగా ఇంట్లో చేతి గడియారం పట్టుకుని సైరన్ వింటున్నాడు. అలవాటు, ఏం చేస్తాడు పాపం. ఒకరోజు సైరన్ నిమిషం ఆలస్యంగా వినబడింది. ముందు తన చేతి గడియారాన్నే అనుమానించాడు. దుకాణానికి తెచ్చి గోడ గడియారంతో కొలిచాడు, బాగానే ఉంది. మర్నాడు సైరన్ సరిగ్గా మోగింది. ఆ మర్నాడు మళ్లీ నిమిషం ఆలస్యం. సాయంత్రాలు మాత్రం ఎప్పుడూ ఆలస్యం లేదు.

"గడియారం సుస్తైతే పొద్దుమాపు సుస్తైతది బిడ్డా. పొద్దుగాల ఒక తీరు, మాపటికి ఒక తీరు ఉండది. గిది గడియారం రోగం కాదు."

పట్టికలో ఒక వరస మీద వేలు పెట్టాడు. ఈ నెలలో సహరీ టైము రోజురోజుకూ ముందుకు జరుగుతుంది, కానీ ప్రతిరోజూ నిమిషం జరగదు. కొన్నిసార్లు రెండు రోజులు ఒకటే టైము ఉంటుంది. సైరన్ ఆలస్యమైన రోజులన్నీ టైము మారిన రోజులే. సరిగ్గా మోగిన రోజులు, నిన్నా ఇవాళా ఒకటే టైము ఉన్నవి. వేలు ఒక వరస పైకి జరిపాడు.

"గీ మిషిన్ ఇయ్యాల్టిది మోగిస్తలేదు. నిన్నటిది మోగిస్తున్నది."

ఫిజా ఒప్పుకోలేదు. మా లెక్క మాకు ఉంది కదా, అయిదున్నర గంటలు ప్రతిచోటా కలిపాం, కావాలంటే ఇప్పుడే చూపిస్తానంది. చాచా వాదించలేదు. ఫోన్ తీసి భూపాలపల్లికి చేశాడు, స్పీకర్ పెట్టాడు. అమ్జద్ అన్నను ఈరోజు సైరన్ ఎన్నింటికి మోగిందని అడిగాడు. ఆయన చెప్పిన టైం నోట్‌బుక్‌లో భూపాలపల్లి పట్టికలో నిన్నటి వరసలో ఉంది. రఘునాథపల్లికి చేస్తే అక్కడా అంతే. మూడు ఊళ్లు, మూడు వేరే వేరే టైములు, మూడూ నిన్నటివే.

అప్పుడు ఫిజా ల్యాప్‌టాప్ తెరిచింది. దుకాణంలో చోటు లేదు కాబట్టి మెట్టు మీద కూర్చుంది, నేను పక్కన. చాచా భూతద్దం తీసేసి వంగి చూస్తున్నాడు. ఆయనకు కోడ్ అర్థం కాదు, అయినా చూస్తాడు, అది ఆయన గుణం.

"గీ యూటీసీ అంటే ఏంది? లండన్ టైమా?" అన్నాడు.

"కాదు బడేఅబ్బా. లండన్ వాళ్లు ఎండాకాలం వస్తే గడియారం గంట ముందుకు జరుపుకుంటరు. యూటీసీ జరగది. గది ఏ ఊరి టైమూ కాదు. ఊర్లన్నీ దాన్నుంచి తమ తమ లెక్క పెట్టుకుంటయ్. మనం అయిదున్నర గంటలు ముందని పెట్టుకున్నం, ఇంకొకలు ఇంకో తీరు."

చాచా తల తిప్పి వెనక గోడ వైపు చూశాడు. లోలకం టక్, టక్ మని ఊగుతోంది, పదిహేడు నిమిషాలు వెనక.

"అంటే నా గోడ గడియారం లెక్క."

"అవు," అంది ఫిజా. నేను కూడా తల ఊపాను. ఇంత చక్కగా మా సారు కూడా చెప్పలేదు.

"మంచిది. మల్ల నా గోడ గడియారం సూసి ఇయ్యాల తారీఖు ఎంతని ఎవలన్న అడుగుతరా?"

ఫిజా నా వైపు చూసింది. నేను ఫిజా వైపు చూశాను.

ఎందుకంటే అడిగాం. సరిగ్గా అదే అడిగాం. టైముకు అయిదున్నర గంటలు కలిపాం గానీ, పట్టికలో ఏ రోజు వరస తీయాలన్న దగ్గర తారీఖును మాత్రం తిన్నగా సర్వర్‌నే అడిగాం. మన దగ్గర పొద్దున అయిదూ పదమూడు అయినప్పుడు యూటీసీలో ముందురోజు రాత్రి పదకొండూ నలభై మూడు. దానికి ఇంకా తెల్లవారలేదు, తారీఖు మారలేదు. అది నిజాయితీగా నిన్నటి వరస తీసి ఇచ్చింది. సాయంత్రం అయితే రెండు చోట్లా ఒకటే తారీఖు, అందుకే ఇఫ్తార్‌లో తప్పు లేదు. మధ్యాహ్నం పరీక్షిస్తే ఎన్నిసార్లు పరీక్షించినా ఈ తప్పు దొరకదు. మొదటి రోజు దానికి ముందురోజు వరసే పట్టికలో లేదు, అందుకని నోరు మూసుకుంది. పాపం వైరు మీద పడ్డాం. ఆ లైను రాసింది ఫిజా. చూసి బాగుంది అన్నది నేను.

బాగుచేయడానికి రెండు నిమిషాలు పట్టలేదు. తారీఖు అడిగే చోట ముందు మన టైములోకి మార్చి, తర్వాత అడగమన్నాం. అంతే, ఒక్క లైను.

పని అయిపోయిందనుకుని ల్యాప్‌టాప్ మూశాను. చాచా మాత్రం కదల్లేదు. నోట్‌బుక్‌లో రెండో రోజా నుంచి పదో రోజా వరకు వరసలు లెక్కపెట్టి ఆరు వరసలకు సున్నా చుట్టాడు. ఆరు రోజులు, మూడు ఊళ్లలో, సైరన్ నిమిషం ఆలస్యంగా మోగింది. సైరన్ వినబడేదాకా నీళ్లు తాగేవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే ఊహించండి. ఆ ఒక్క నిమిషంలో తాగిన గుక్కతో ఉపవాసం పోయినట్టా, ఉన్నట్టా? పోయినట్టయితే ఆరు రోజులూ తర్వాత మళ్లీ ఉండాలి. ముసలివాళ్లు, సుగర్ ఉన్నవాళ్లు కూడా. పట్టిక కింద సంతకం మాత్రం మొహిద్దీన్ చాచాది.

నేను భయపడుతూనే అడిగాను, చాచా అందరి రోజాలూ పోయినట్టేనా అని.

ఆయన పట్టకారుతో ఒక స్ట్రాప్ పిన్నును అటూ ఇటూ తిప్పాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు, పోలేదు అని. ఎందుకంటే ఆయన ముప్పై ఏళ్లుగా పట్టికలో సహరీ టైమును రెండు నిమిషాలు ముందుగానే రాస్తున్నాడు. మనిషన్నాక ఒకడు గ్లాసు దించడంలో ఆలస్యం చేస్తాడు, ఇంకొకడి గడియారం వెనకబడి ఉంటుంది, సైరన్ నొక్కేవాడికి దగ్గు వస్తుంది. అందుకని రెండు నిమిషాలు అడ్డుగా పెట్టుకున్నాడు. ఈ సంగతి ఎవరికీ తెలియదు. తెలిస్తే అది అడ్డు కాదు, ఇంకో రెండు నిమిషాల టిఫిన్.

నాకైతే ప్రాణం లేచొచ్చింది. మరింకేం, ఎవరికీ ఏమీ కాలేదు, మిషను బాగైంది, ఇక చెప్పాల్సిన పనేముంది? ఫిజా కూడా అదే అంది, కొంచెం గట్టిగానే అంది.

"చెప్పకుండ్రి బడేఅబ్బా. చెప్తే పెట్టె తీసేయమంటరు. మల్ల మీరు గా మోకాలు పట్టుకొని చీకట్ల పోవాలె. అందరి రోజాలు మంచిగనే ఉన్నయ్ గద."

"మంచిగున్నయని నాకు తెల్సు. వాళ్లకు తెల్వదు."

"వాళ్లకు ఆలస్యమైందనే తెల్వదు."

"గా నిమిషం నాలెక్క ఎవలో ఒకలు పట్టుకొనే ఉంటరు. ఇంట్ల కూసొని, ఎవల్ని అడగాల్నో తెల్వక, రోజా పోయిందేమో అని లోపల్లోపల కుములుతుంటరు. నేను నోరు మూసుకుంటే వాళ్లు గట్లనే ఉంటరు."

ఫిజా అప్పుడు ఇంకో దారి చెప్పింది. ఆలస్యమైందని చెప్పండి, రోజాలకు ఏమీ కాలేదని చెప్పండి, రెండు నిమిషాల సంగతి మాత్రం చెప్పకండి. అది తెలివైన మాట. చాచా కూడా కాసేపు దాన్నే పట్టుకుని కూర్చున్నాడు. ఆ రెండు నిమిషాలు ఆయన ముప్పై ఏళ్ల ఆస్తి, చెప్తే ఒక్క పూటలో ఖర్చయిపోతుంది. చెప్పకపోతే, ఏమీ కాలేదని ఎలా తెలుసు అని అడిగినవాళ్లకు ఏమని చెప్పాలి?

మధ్యాహ్నం నమాజ్‌కు ముందు కుంటుకుంటూ మసీదుకు వెళ్లి ఇమాం సాబ్‌తో మాట్లాడాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. బయటికొచ్చాక మసీదు గోడ మీది నల్లబోర్డు తుడిచి సుద్దముక్క పట్టుకున్నాడు. నేను మెట్ల కింద నిలబడి చూస్తున్నాను. ఉర్దూలో ముందు, కింద తెలుగులో రాశాడు. సైరన్ ఆరు రోజులు పొద్దున నిమిషం ఆలస్యంగా మోగింది, ఆ తారీఖులు ఇవి. మిషను పెట్టించింది నేను, పూచీ నాది. మీ రోజాలకు ఏమీ కాలేదు.

అక్కడ సుద్ద ఆగింది. సందులో ఒక సైకిల్ వెళ్లిపోయింది, ఎవరో సలాం చెప్పారు, ఆయన బదులు చెప్పాడు, సుద్ద మాత్రం బోర్డు మీదే ఉంది. తర్వాత ఆఖరి లైను రాశాడు. ఎందుకంటే నేను పట్టికలో రెండు నిమిషాలు ముందే రాస్తాను, ముప్పై ఏళ్ల నుంచి.

కింద పేరు రాసి, చేతికంటిన సుద్దపొడి దులుపుకుని వచ్చేశాడు. భూపాలపల్లికీ రఘునాథపల్లికీ కూడా ఫోన్‌లో అదే మాట చదివి వినిపించాడు.

దుకాణం ముందు రెండు రోజులు జనమే జనం. తిడతారని ఫిజా భయపడింది. ఒకరిద్దరు గొణిగారు, మిషన్ల మీద భరోసా పెట్టుకుంటే ఇంతే అని. కానీ ఒక పెద్దావిడ, కూరగాయల మార్కెట్ దగ్గర అంగడి ఆమె, వచ్చి బల్ల మీద చేయి పెట్టి నిలబడింది. నాలుగో రోజా నాడు సైరన్ మోగేటప్పుడు ఆమె నోట్లో నీళ్లున్నాయట, ఇంట్లో గోడ మీది గడియారం మాత్రం నిమిషం దాటినట్టు చూపించిందట. అప్పటి నుంచి ఆరు రోజులుగా నిద్ర లేదట. ఇప్పుడు వెళ్లి పడుకుంటాను అని వెళ్లిపోయింది. చాచా భూతద్దం కంటికి పెట్టుకున్నాడు.

లక్ష్మా మాత్రం ఊరుకుంటాడా? ఆటో ఆపి తల బయటపెట్టి అన్నాడు. "చాచా, గోడ గడియారం పదిహేడు నిమిషాలు ఎందుకు ఎనకున్నదో గిప్పుడు తెల్సింది. రెండు రెండు నిమిషాలు చేసి అందరివి నువ్వే దాస్కుంటున్నవ్."

చాచా నవ్వాడు. చాలా రోజుల తర్వాత అంత నవ్వు చూశాను.

కానీ నవ్వు లేని ఫోన్ కూడా ఒకటి వచ్చింది. అమ్జద్ అన్న చెప్పాడు, భూపాలపల్లిలో బొగ్గు గనుల షిఫ్టుకు పోయే కుర్రాళ్లు కొందరు అప్పుడే లెక్కలు వేస్తున్నారట, సైరన్ మోగినాక ఇంకా రెండు నిమిషాలుంది, ఒక గ్లాసు చాయ్ పడుతుంది అని. చాచా విని ఊఁ అన్నాడు. ఫోన్ పెట్టేసి గోడ గడియారానికి చాబీ ఇచ్చాడు, అది చాబీ ఇచ్చే రోజు కాకపోయినా.

అసలు తుఫాను ఇంట్లో. రషీదా చాచికి ఈ సంగతి బోర్డు చూసినవాళ్ల నుంచి తెలిసింది. మర్నాడు సహరీకి ఫిజా నన్ను కూడా పిలిచింది, మిషను సరిగ్గా మోగుతుందో లేదో మేమిద్దరం దగ్గరుండి చూద్దామని. ఇంట్లో వాళ్లు మాట్లాడేది ఉర్దూనే, నేనుంటే నా కోసం తెలుగులోకి వస్తారు. ఆ రోజు చాచి తెలుగులోనే మొదలుపెట్టింది, నేను సాక్షిగా ఉండాలని కాబోలు.

"ముప్పై ఏండ్ల సంది మీ పట్టిక నా చేతిలకెల్లి గిలాస గుంజుకుంటున్నది. టైమైంది, టైమైంది అని. మీరు రెండు నిమిషాలు జేబుల పెట్టుకొనా?"

చాచా ఖిచిడీ వైపు చూస్తూ తింటున్నాడు.

"మీరు సైరన్‌కు పోకముందు, నా కాన్పు అయిన ఏడు గుడ, ఒక్క గుటకెడు నీళ్లని అడిగితే గుడ ఇయ్యలే. నాకన్న చెప్పొద్దా?"

"నీకు చెప్తే గా రెండు నిమిషాలు నువ్వు తాగుతుంటివి," అన్నాడు చాచా మెల్లగా. "నిన్ను సూసి నేను గుడ ఆగకపోదును."

చాచి ఆయన ముందున్న ఖట్టా గిన్నెలో ఇంకో గరిటె పోసింది. అదే ఆమె జవాబు అనుకుంటాను.

అయిదూ పన్నెండు. ఫిజా ఫోన్ వైపు చూస్తోంది, నేను గోడ మీద వేలాడుతున్న పట్టిక వైపు. ఆ రోజు వరసలో అయిదూ పదమూడు అని ఉంది, నిన్నటి వరసలో అయిదూ పద్నాలుగు. ఇన్ని రోజులూ లేని గుబులు. చాచా మాత్రం నిమ్మళంగా పరోటా ముక్క తుంచుకున్నాడు. ముద్ద నోటి దాకా వెళ్లిందో లేదో, సైరన్. అయిదూ పదమూడు, సెకను అటూ ఇటూ కాకుండా. ఫిజా గట్టిగా ఊపిరి వదిలింది.

చాచి గ్లాసు కింద పెట్టలేదు. చేతిలో పట్టుకుని చాచా వైపు చూసింది. కళ్లలో కొంటెతనం.

"ఇంక రెండు నిమిషాలున్నయ్ గద. గా ముక్క తినుండ్రి."

చాచా చేతిలోని ముక్క వైపు చూశాడు. అది ఖీమాలో ముంచిన ముక్క, వాసన నాకే వస్తోంది. తెచ్చి మెల్లగా పళ్లెంలో పెట్టేశాడు. చాచి ఒక క్షణం చూసి, తన గ్లాసు కూడా పళ్లెం పక్కన పెట్టింది. ఇద్దరూ ఒకేసారి నవ్వారు.

మసీదువాళ్లు పెట్టె తీసేయమనలేదు. మిగిలిన రంజాన్ అంతా చాచా ఇంట్లోనే సహరీ చేశాడు. మొన్న నేను ఆగలేక అడిగాను, వచ్చే ఏడు పట్టికలో ఎన్ని నిమిషాలు తగ్గిస్తారు, మళ్లీ రెండేనా, ఇప్పుడు అందరికీ తెలుసు కదా అని. ఆయన ఒక పాత గడియారం మూత తెరిచి, వెనక గోడ వైపు చూసి, తేడా కాగితం మీద రాసుకుని, నీకు చెప్తనా అన్నాడు.

నాకు మాత్రం ఇప్పటికీ తేలట్లేదు. కూరగాయల మార్కెట్ ఆవిడ నిద్ర ఒకవైపు, భూపాలపల్లిలో ఆ చాయ్ గ్లాసు ఒకవైపు. సుద్దముక్క మీ చేతిలో ఉండి, బోర్డు మీద మూడు లైన్లు రాసేసి, నాలుగో లైను దగ్గర చేయి ఆగితే, మీరైతే ఏం చేసేవారు?